ఆమె వైపు మైకు

పురానాపూల్ దగ్గరి చర్చికి ఇంగ్లీషులో మాట్లాడే ప్రసంగీకులు ఎవరు వచ్చినా, వాళ్ళ పక్కన నిలబడి తెలుగులోకి తిప్పి చెప్పేది రాజమణి. ఆమె మిషన్ బడిలో టీచరు. ప్రసంగీకుడు ఒక వాక్యం అని ఆగేవాడు, ఆమె అందుకునేది. అతను చేతులు ఊపినా ఆమె ఊపేది కాదు, అతను అరిచినా ఆమె అరిచేది కాదు. వంటింట్లో పక్కనున్న మనిషితో చెప్పినట్టు చెప్పేది. జనం కళ్ళు ప్రసంగీకుడి మీద ఉండేవి గానీ చెవులు ఆమె దగ్గరే ఉండేవి.

ఇశ్రాయేలు తొమ్మిదేళ్ళుగా మూడో వరసలో కూర్చుని ఆ గొంతు వింటున్నాడు. అతను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మెకానిక్కు. ముప్పై ఐదేళ్ళు, పెళ్ళి కాలేదు. ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోవడంతో ఇంగ్లీషు పెద్దగా రాదు. అందుకే ప్రసంగీకుడు మాట్లాడే వాక్యం అతనికి రాజమణి మాటకు ముందు వచ్చే ఖాళీలాగే ఉండేది. ఆ ఖాళీలో ఆమె తల కొంచెం వంచి, పెదవులు బిగించి వినడం చూసేవాడు.

రాజమణికి ముప్పై రెండు. ఆమె మెడ ముందు ఎన్నో ఏళ్ళుగా ఒక గడ్డ పెరుగుతోంది. కొంగు మెడచుట్టూ తిప్పి దాన్ని కప్పుకునేది. దాన్ని చూసి రెండు మూడు సంబంధాలు వెనక్కి పోయాయని చర్చిలో అందరికీ తెలుసు. ఇశ్రాయేలు ఆ గడ్డను ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఆమె చదువు చూసి మాత్రం జంకాడు. అడగాలని రెండుసార్లు వాళ్ళ గల్లీ దాకా పోయాడు. ఒకసారి తలుపు దగ్గర ఆమె తల్లి చంద్రమ్మ కనబడితే, ఇంట్లో రేడియో బాగుందా అని అడిగి తిరిగొచ్చాడు.

డెబ్బై తొమ్మిది జనవరిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక రాజమణే అతని దగ్గరికి వచ్చింది.

"మీకు టేపు రికార్డర్ల సంగతి తెలుసని పాస్టర్‌గారు అన్నరు," అంది.

"కొంచెం తెలుసు టీచర్."

"వచ్చే నెల పెద్ద కూడిక ఉన్నది గద. కేరళ నుంచి ప్రసంగీకుడు వస్తున్నడు. ఆ రోజు రికార్డు చెయ్యగలరా?"

"చేస్త. కమిటీవాళ్ళు అడగమన్నరా?"

"లేదు. నాకోసం అడుగుతున్న." ఆమె కొంగు సర్దుకుంది. "కూడిక ఆదివారం. ఆ తర్వాతి గురువారమే నాకు ఆపరేషన్. ఊపిరి ఆడుతలేదు, ఇగ ఆగొద్దన్నరు. గొంతు నరం గడ్డ పక్కకే ఉందంట. డాక్టరమ్మ సాఫ్‌గ చెప్పింది. ఏం గాకపోవచ్చు, గొంతు మారొచ్చు, పోవచ్చు. ఏమన్న అయితే, ఇంతకుముందు నేను ఎట్ల మాట్లాడేదాన్నో వినేతందుకు అమ్మకైన ఉండాలె గద."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి. నేను జేస్త," అన్నాడు ఇశ్రాయేలు. ఇంటికి పోయేదాకా ఆ మాట ఎంత చిన్నదో తలుచుకుంటూనే ఉన్నాడు.

అతనికి సొంత టేపు రికార్డరు లేదు. ఉన్నది అతని స్నేహితుడు కైలాసం దగ్గర. కైలాసం వాళ్ళది ఉస్మాన్‌గంజ్‌లో తాతల నాటి పసుపు వ్యాపారం. దుకాణంలో టెలిఫోను చెడిపోయినప్పుడు బాగుచెయ్యడానికి వచ్చిన ఇశ్రాయేలుతో, రేడియోల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ దోస్తీ చేసుకున్నాడు. దుకాణం మీది గదిలో పసుపు బస్తాల మధ్య అతని రేడియోలు, గ్రామఫోన్లు ఉండేవి. ఈమధ్యే బావమరిది కువైట్ నుంచి ఒక స్టీరియో టేపు రికార్డరు తెచ్చిచ్చాడు.

"మామూలు మిషన్ల అన్ని గొంతులు ఒక్క కుండల పోసినట్టు కలిసిపోతయి," అని చెప్పాడు కైలాసం. "దీంట్ల రెండు మైకులు. ఈ మైకుల పడ్డది ఎడమ స్పీకర్ల వస్తది, ఆ మైకుల పడ్డది కుడి స్పీకర్ల వస్తది. ఏ దిక్కుది ఆ దిక్కే."

"ఒక దిక్కు బంద్ పెట్టి, ఇంకో దిక్కు మాత్రమే వినొచ్చా?"

"ఈ గుండీ పూరా తిప్పితే గంతే."

ఇశ్రాయేలు ఆ గుండీని ఒకవైపు చివరిదాకా తిప్పి చూశాడు. ప్రసంగీకుడి మాట మాయమై, రాజమణి మాట ఒక్కటే మిగులుతుంది. తొమ్మిదేళ్ళు విన్నదాంట్లో అతనికి కావలసింది అంతే.

మరుసటి రోజు ఇద్దరూ మైకులు కొనడానికి గుజరాతీ గల్లీకి పోయారు. దుకాణంలో మన దేశంలోనే తయారైన మైకుల జత ఒకటి చూపించారు. రెండూ ఒకే తీరువి. ఇశ్రాయేలు దుకాణపాయన యాంప్లిఫయరుకు తగిలించి, ఒక్కొక్కదాంట్లో మాట్లాడి చూశాడు. మాట స్పష్టంగానే వచ్చింది, కానీ కొంచెం చప్పగా ఉంది. అప్పుడు దుకాణపాయన అల్మారాలోంచి జపాన్ మైకు ఒకటి తీశాడు.

"దీనికి జోడు లేదు భాయ్. రెండోది ఎవరో తీస్కపోయిన్రు. ఏక్‌హీ బచా."

ఇశ్రాయేలు దాన్ని నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా మాట్లాడాడు. మాట మొదలయ్యే ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. రాజమణి కూడా అట్లాగే, వాక్యం అందుకునే ముందు చిన్నగా ఊపిరి తీసుకునేది. మూడో వరసలో కూర్చున్నవాళ్ళకు అది వినబడదు, చూస్తే తెలుస్తుంది. ఈ మైకులో అది వినబడుతుంది.

"ఇది తీస్కుంటా," అన్నాడు.

"రెండోదో?" అన్నాడు కైలాసం.

"ప్రసంగీకునికి మీ ఇంట్ల పాతది ఉన్నది గద, భజనలకు వాడేది. అది పెడదాం."

"దిమాక్ ఖరాబయిందా నీకు? స్టీరియో అంటే జోడు ఉండాలె. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు ఏస్కొని నడుస్తవా?"

"ఆయనది పెద్ద గొంతు. ఏ మైకయినా పట్టుకుంటది. ఆమెకే మంచిది గావాలె."

కైలాసం అతని మొఖం చూసి, దుకాణపాయనతో బేరానికి దిగాడు.

ఇంకో చిక్కు ఉంది. మైకులకు ఉన్నవి లావు పిన్నులు, టేపు రికార్డరుకు ఉన్నవి సన్న రంధ్రాలు. మధ్యలో అడాప్టర్లు కావాలి. గల్లీ అంతా తిరిగినా తయారైనది ఒక్కటే దొరికింది. అది రాజమణి మైకుకు పెట్టాడు. రెండోది ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం బువ్వ తినే టైములో పాత సామానుతో తనే టంకం పెట్టి చేశాడు. లోపల తీగ కొంచెం వదులుగా ఉన్నట్టు అనిపించింది. గంట మోగితే మళ్ళీ డ్యూటీ. ప్రసంగీకుని వైపుదే గదా అనుకుని మూత బిగించాడు. సాయంత్రం కైలాసం గదిలో పెట్టి చూస్తే రెండు వైపులా బాగానే వచ్చింది.

కూడిక బడి మైదానంలో, సాయంత్రం ఆరు గంటలకు. మైకు సెట్టు ఎల్లప్పది. స్తంభాలకు లౌడ్ స్పీకర్లు కట్టి, వేదిక మీద రెండు మైకులు నిలబెట్టాడు. వాటికి ఇశ్రాయేలు తన మైకులు రెండూ దారంతో కట్టాడు. రాజమణి ఎప్పుడూ ప్రసంగీకునికి ఎడమ పక్కనే నిలబడేది. జపాన్ మైకు అక్కడే కట్టాడు. రెండుసార్లు దూరం నుంచి చూసి, ఆమె ఎత్తుకు సరిపోయేట్టు ఒకసారి కిందికి దించాడు.

"పెండ్లికూతురికి బాసింగం కట్టినట్టు కడుతున్నవేందన్నా?" అన్నాడు ఎల్లప్ప.

ఇశ్రాయేలు నవ్వలేదు. వేదిక కింద స్టూలు మీద టేపు రికార్డరు పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

ప్రసంగీకుడు తెల్ల జుట్టు, పొడుగు మనిషి. వేదిక ఎక్కగానే రాజమణి వైపు వంగి, తన ఎడమ చెవి తట్టి చూపిస్తూ ఏదో చెప్పాడు. ఆ చెవి వినబడదు కాబోలు. ఆమె తల ఊపి, ఆయన వెనకనుంచి నడిచి కుడి పక్కకు పోయింది. ఆయన ఎడమకు జరిగి, జపాన్ మైకు ముందు నిలబడ్డాడు.

ఇశ్రాయేలు లేచాడు. అప్పటికే పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. వందల మంది తలలు వంచి ఉన్నారు. అందరి మధ్యలోంచి వేదిక ఎక్కి మైకులు విప్పడానికి కాళ్ళు రాలేదు. కనీసం అడాప్టర్లన్నా కిందనే మార్చొచ్చు, మంచిది ఆమె వైపుకు పెట్టొచ్చు. చెయ్యి వాటి దాకా పోయింది కూడా. లాగితే ఇంకేమైనా ఊడుతుందేమో, నిన్న బాగానే వచ్చింది గదా అనుకుని కూర్చున్నాడు. ప్రార్థన ముగిసింది. బొత్తాం నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

ఆ రోజు రాజమణి ఎప్పటికన్నా బాగా మాట్లాడింది. ఆఖరిసారేమోనని ఆమెకు తెలుసు, అతనికి తెలుసు, చంద్రమ్మకు తెలుసు. మిగతావాళ్ళకు ఎవరికీ తెలియదు. ఇశ్రాయేలు మిషను సంగతి మరిచిపోయి విన్నాడు. మధ్యలో కీర్తనకు అందరూ లేచినప్పుడు ఎవరి కాలో తీగకు తగిలింది. అతను వంగి చూశాడు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆ దీపానికి ఏ వైపు వస్తోందో, ఏ వైపు రావడం లేదో తెలియదు.

సోమవారం డ్యూటీకి పోయే ముందు కైలాసం గదిలో టేపు పెట్టుకున్నారు. ఎడమ వైపు ప్రసంగీకుడు. ఎంత స్పష్టంగా అంటే, ఆయన కట్టుడు పళ్ళు తాకిన చప్పుడు కూడా తెలుస్తోంది. ఆయన ప్రతి వాక్యానికీ ముందు ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. కుడి వైపు రాజమణి గొంతు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు, ఒక పది నిమిషాలు వచ్చింది. తర్వాత ఖర్ ఖర్ మంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇశ్రాయేలు గుండీని ఆమె వైపు చివరిదాకా తిప్పాడు. ఒట్టి గాలి శబ్దం. ఇటు తిప్పితే, ప్రసంగీకుని వాక్యాల మధ్య, ఎడమ మైకుకు దూరం నుంచి అందిన ఆమె మాట సన్నగా వినబడింది. మూసీ అవతలి ఒడ్డున నిలబడి ఎవరితోనో చెబుతున్నట్టు ఉంది. ఏం చెబుతోందో తెలియదు.

నేను ముందే చెప్పిన గదా అని కైలాసం అనొచ్చు. అనలేదు. మిషను ఆపి, కిందికి పోయి, చాయ్ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"జోడు మైకులు గావాలె," అన్నాడు ఇశ్రాయేలు కాసేపటికి.

"ఆ దుకాణం పదింటికి తెరుస్తరు," అన్నాడు కైలాసం.

ఆ రోజు ఇద్దరూ పోయి, అప్పుడు వద్దన్న ఆ మైకుల జతనే కొన్నారు. ఇశ్రాయేలు తాను చేసిన అడాప్టరు విప్పి, తీగ కోసి, మళ్ళీ టంకం పెట్టాడు. ఈసారి పట్టుకుని లాగి చూశాడు, ఊపి చూశాడు, గంటసేపు పెట్టి విన్నాడు. మంగళవారం సెలవు పెట్టి, బడి విడిచే వేళకు మిషను సైకిలు మీద కట్టుకుని రాజమణి వాళ్ళ ఇంటికి పోయాడు. ఈసారి తలుపు దగ్గర చంద్రమ్మ కనబడితే రేడియో సంగతి అడగలేదు.

"టీచర్‌తోని పనుందమ్మా," అన్నాడు.

జరిగింది జరిగినట్టు రాజమణికి చెప్పాడు. మంచి మైకు ఎవరి కోసం తెచ్చాడో, పాడైనదాన్ని ఎవరి వైపు పెట్టాడో, అన్నీ. ఆమె విన్నంతసేపూ తల కొంచెం వంచి విన్నది.

"పది నిమిషాలన్న వచ్చింది గద," అంది.

"అది మీ గొంతు లెక్క లేదు. ఇయ్యాల మళ్ళ చేద్దాం. ప్రసంగీకుడు లేడు, జనం లేరు. మీరొక్కరే మాట్లాడుండ్రి."

బల్ల మీద టేపు రికార్డరు పెట్టి, రెండు మైకులూ చెరో పక్క నిలబెట్టాడు. రాజమణి వాటి వైపు చూసింది.

"నేనొక్కదాన్నే గద. రెండెందుకు?"

"మిషన్ల రెండు రంధ్రాలున్నయి. ఒకటి ఖాళీగుంటే బర్రుమంటది," అన్నాడు ఇశ్రాయేలు. అందులో నిజం కొంచెమే.

బొత్తాం నొక్కాడు. ఆమె మైకు ముందు కూర్చుని కొంగు సర్దుకుంది.

"ఏం చెప్పాలె?"

"ఏదన్న."

ఆమె బైబిలు తెరిచి ఒక కీర్తన చదివింది. సగంలో ఆపేసింది. "ఇది బడి గొంతు. పిల్లలకు చదివి వినిపించే తీరుగుంది," అంది. బైబిలు మూసింది. "నాకు మాట్లాడరాదు ఇశ్రాయేలు గారూ. మీకు నవ్వొస్తదేమో. తొమ్మిదేండ్ల సంది ఎవరో ఒకరు చెప్తుంటెనే నేను చెప్పిన. నా అంతట నేను ఏం చెప్పాలెనో తోస్తలేదు."

కాసేపు ఆలోచించి, రెండో మైకును అతని వైపు జరిపింది.

"మీరు చెప్పుండ్రి. నేను ఇంగ్లీషుల చెప్త."

"నేనా? నేనేం చెప్త?"

"మీ ముచ్చట చెప్పుండ్రి. ఒక్కొక్క మాట చెప్పి ఆగుండ్రి. గంతే."

ఇశ్రాయేలు గొంతు సవరించుకున్నాడు. "నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీల పనిచేస్త," అని ఆగాడు. ఆమె చిన్నగా ఊపిరి తీసుకుని దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆ ఊపిరి అతనికి వినబడింది. మైకులు ఎంత మంచివో తెలియదు, ఆమె అంత దగ్గరగా ఉంది.

"మా బాపు బేగంబజార్ల హమాలి." ఆమె చెప్పింది. "మూటలు మోసి మోసి ఆయన మెడ ఒక దిక్కు వంగింది." ఆమె చెప్పింది. "నన్ను మూట మొయ్యనియ్యలె." ఎక్స్ఛేంజీ గురించి చెప్పాడు. చెడిపోయిన లైను బాగైందో లేదో చూడడానికి హలో అంటామని, అవతల ఎవరో తెలియని మనిషి హలో అంటాడని, అంతే, పెట్టేస్తామని చెప్పాడు. ప్రసంగీకులు చేసే పని ఇన్నేళ్ళూ తేలికనుకున్నాడు. కాదని ఇప్పుడు తెలిసింది. తన వాక్యం అయిపోయి, ఆమె మాట్లాడుతున్నంతసేపూ, తర్వాత చెప్పబోయే వాక్యం గురించి భయపడడానికి కావలసినంత టైము ఉంటుంది.

"మా చర్చిల ఒక టీచర్ ఉన్నది," అన్నాడు.

ఆమె చెప్పింది.

"తొమ్మిదేండ్ల సంది మూడో వరుసల కూసుంటున్న. నాకు ఇంగ్లీషు సమజ్ గాదు. ఆమె మాట కోసమే కూసుంట."

ఆమె ఒక క్షణం ఆగింది. తర్వాత చెప్పింది. గొంతు మారలేదు.

"రెండుసార్లు వాళ్ళింటి దాక పోయి మర్రొచ్చిన."

అదీ చెప్పింది.

"పెండ్లి చేసుకుందామని మిమ్మల్ని అడగాలనుకున్న. అడగలె."

రాజమణి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ప్రసంగీకుడు నేను అంటే, తిప్పి చెప్పేవాళ్ళు కూడా నేను అనే అనాలి. ఆ పని చేసేవాళ్ళందరికీ అదే అలవాటు. పైగా ఇంగ్లీషులో మీరు అనడానికీ నువ్వు అనడానికీ ఒకటే మాట. ఆమె ఊపిరి తీసుకుని, తొమ్మిదేళ్ళ అలవాటులోనే, ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో అంది. నేను నిన్ను అడగాలనుకున్నాను, అడగలేదు. అంతమాత్రం ఇంగ్లీషు అతనికి అర్థమైంది. అది అతని మాట. ఇప్పుడు ఆమె నోటినుంచి ఆమె మాటలాగే వచ్చింది.

ఇద్దరూ మిషను వైపే చూస్తూ కూర్చున్నారు. లోపల చంద్రమ్మ రోటి చప్పుడు ఆగిపోయింది. గల్లీలో బండి మీద ఉల్లిగడ్డలు అమ్ముకుంటూ ఒకాయన పోయాడు.

"అడిగుంటే మంచిగుండు," అంది రాజమణి తెలుగులో.

టేపు అయిపోయి బొత్తాం టక్కున పైకి లేచింది.

"ఆపరేషన్ కానీయుండ్రి," అంది ఆమె. "తర్వాత చూద్దాం."

గురువారం ఆపరేషను అయింది. గడ్డ గొంతు నరానికి అతుక్కుని ఉందట. ప్రాణానికి భయం లేదు, ఊపిరి హాయిగా ఆడుతోంది. గొంతు మాత్రం పోయింది. కొంత తిరిగి రావచ్చు, ఎంతనేది చెప్పలేమని డాక్టరమ్మ అంది. మొదటి రెండు వారాలు ఎవరూ మాట్లాడించొద్దన్నారు.

మూడో వారం ఇశ్రాయేలు పోయాడు. రాజమణి మెడకు తెల్ల గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. మెడ సన్నగా, కొత్తగా ఉంది.

"కూసోండ్రి," అంది.

గరుకు కాగితం మీద గోరుతో గీసినట్టు వచ్చింది ఆ మాట. సగం గాలి, సగం గొంతు. ఇశ్రాయేలు కూర్చోలేదు. ఒక్క క్షణమే, మాట ఎటునుంచి వచ్చిందా అన్నట్టు నిలబడిపోయాడు. తర్వాత తేరుకుని కూర్చుని, నొప్పి ఉందా, ఏం తింటున్నరు అని అడిగాడు. కానీ ఆ క్షణం ఆమె చూసింది. జీవితమంతా ఎదుటి మనిషి ఎక్కడ ఆగుతాడో కనిపెట్టుకుని బతికిన మనిషి ఆమె.

"మీరు అడగాలనుకున్నది టేపుల ఉన్నామెను," అంది, రెండు సార్లు ఆగి. "ఆమె లేదు ఇగ."

అతను కాదనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పోయేటప్పుడు చంద్రమ్మ గడప దాకా వచ్చింది.

"జర కొన్ని రోజులు రాకు బిడ్డా. దాని మనసు దానికి సమజ్ గావాలె."

వేసవి వచ్చింది, పోయింది. రాజమణి బడికి పోతోంది. పాఠం చెప్పే గొంతు లేదు కాబట్టి పుస్తకాల గదీ, కుట్టు క్లాసూ అప్పజెప్పారు. చర్చిలో తర్జుమాకు సీమోను అనే కుర్రవాణ్ణి పెట్టారు. మంచి పిల్లవాడు, గబగబా చెబుతాడు. ప్రసంగీకుడు ఆగకముందే అందుకుంటాడు. ఇశ్రాయేలు మూడో వరసలోనే కూర్చునేవాడు. రాజమణి చివరి వరసలో, తలుపు దగ్గర కూర్చుని, ముగియగానే అందరికన్నా ముందు వెళ్ళిపోయేది.

శనివారాలు ఇశ్రాయేలు కైలాసం గదికి పోయి, రాజమణి వాళ్ళింట్లో మిషను లేక తన దగ్గరే ఉండిపోయిన ఆ టేపు పెట్టుకునేవాడు. గుండీ ఆమె వైపుకు తిప్పి, తన మాటలు తీసేసి, ఆమెవే వినేవాడు. కొన్ని వారాల తర్వాత ఒకరోజు సగంలో ఆపేశాడు.

"ఏమయింది?" అన్నాడు కైలాసం.

"ఈడ కూసొని ఆమెను వింటున్న. ఆమేమో పది నిమిషాల నడక దూరంల, ఇంట్ల ఒక్కతే కూసొని ఉన్నది," అన్నాడు ఇశ్రాయేలు. "ఇదేం పని?"

ఆగస్టులో ఒక సాయంత్రం, వానలో, మళ్ళీ ఆ తలుపు కొట్టాడు. రాజమణే తీసింది. గొంతు కొంత తేరుకుందని చర్చిలో చంద్రమ్మ చెబితే విన్నాడు గానీ, ఇంకా బొంగురే. లోపలికి రమ్మంది. అతను తడిసిన బట్టలతో గడప దగ్గరే నిలబడ్డాడు.

"అబద్ధం చెప్ప," అన్నాడు. "నాకు ఆ గొంతు యాదికొస్తది. రోజు యాదికొస్తది. ఎక్స్ఛేంజీల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరి హలో విన్నా ఆ గొంతే వెతుకుత. ఆ రోజు నేను అట్ల నిలబడ్డది గందుకే. దానికి నేనేం జెయ్యలేను. కని మీ ఇంటికి వచ్చింది ఆ గొంతు కోసం గాదు. అది ఏడున్నదో నాకు తెలుసు, డబ్బాల ఉన్నది. మీకోసం వచ్చిన."

రాజమణి గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకు గూడ యాదికొస్తది," అంది ఆ గరుకు గొంతుతోనే. "ఎవరితోని అనాలె? అందరు ప్రాణం దక్కింది గద, దేవుణ్ణి స్తుతించు అంటరు. నిజమే. స్తుతిస్తున్న. కని పొద్దున లేస్తూనే ముందుగాల నోరు తెరిచి చూసుకుంట, వచ్చిందేమోనని. అమ్మకు చెప్తే ఏడుస్తది." ఆగి, ఊపిరి తీసుకుంది. "మీరు యాది చేసుకుంటున్నరని మస్తు కోపమొచ్చింది. ఆలోచిస్తే, నాతోపాటు యాది చేసుకునేది మీరొక్కరే."

చంద్రమ్మ తువ్వాలు తెచ్చి ఇశ్రాయేలు చేతికిచ్చింది. అతను అప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నాడు.

ఆ వచ్చే ఆదివారం ముగ్గురూ ఉస్మాన్‌గంజ్ పోయారు. కైలాసం బస్తాలు పక్కకు జరిపించి, చంద్రమ్మకూ రాజమణికీ కుర్చీలు వేయించి, తను కింద దుకాణంలోనే ఉండిపోయాడు. ఇశ్రాయేలు గుండీని మధ్యలో పెట్టి టేపు నడిపాడు. ఎడమ స్పీకర్లో అతను తన తండ్రి మెడ గురించి చెప్పాడు. కుడి స్పీకర్లో ఆమె ఇంగ్లీషులో చెప్పింది. రాజమణి కదలకుండా, తల కొంచెం వంచి, వేరే ఎవరినో విన్నట్టు విన్నది. పసుపు దుమ్ముకు రెండుసార్లు తుమ్మింది. చివరి మాట దాకా వచ్చి టేపు ఆగాక కూడా కాసేపు అట్లాగే ఉంది.

"మంచిగ మాట్లాడుతుండె," అంది.

"అవును," అన్నాడు ఇశ్రాయేలు.

చంద్రమ్మ ఏడ్చింది. రాజమణి ఆమెను వద్దనలేదు.

వాళ్ళ పెళ్ళి మరుసటి జనవరిలో ఆ చర్చిలోనే జరిగింది. ప్రమాణాలు చెప్పేటప్పుడు రాజమణి మాట రెండో వరస దాటి వినబడలేదు. పాస్టరుగారు మైకు జరపబోతే ఆమె వద్దంది. వినవలసిన మనిషి పక్కనే ఉన్నాడంది.

తర్వాత ఆమె తర్జుమా కాగితం మీద మొదలుపెట్టింది. బడివాళ్ళు, చర్చివాళ్ళు ఇంగ్లీషు చిన్న పుస్తకాలు తెచ్చిస్తే తెలుగులో రాసిచ్చేది. రాసింది చెవికి ఎట్లా ఉందో తెలియాలంటే ఎవరో ఒకరు పైకి చదవాలి. ఇశ్రాయేలు డ్యూటీనుంచి వచ్చి, చాయ్ తాగి, ఆమె ఎదురుగా కూర్చుని చదివేవాడు. అతనిది చదివే గొంతు కాదు. కామా దగ్గర ఆగకుండా పోయేవాడు, ఆగకూడని చోట ఆగేవాడు.

"అట్ల గాదు," అనేది రాజమణి. ఎట్లానో చెప్పాలని తనే ఆ వాక్యం అందుకునేది. సగం దాకా వచ్చేసరికి గొంతు గాలిలోకి జారిపోయేది. ఆమె మెడ మీది మచ్చకు చెయ్యి ఆనించుకుని ఆగేది. ఇశ్రాయేలు కాగితం దించి, మిగతా సగం వచ్చేదాకా ఎదురుచూసేవాడు. కొన్నిసార్లు వచ్చేది. రానప్పుడు, ఆమె ఎట్లా చెప్పి ఉండేదో ఇద్దరూ ఎవరి మనసులో వాళ్ళు విని, తర్వాతి వాక్యానికి పోయేవాళ్ళు.